క్రిమినాలజీ పీజీ చదివితే ఎస్సై అవుతారా?

విశాఖ ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీకి దగ్గర్లో టీ తాగుతుంటే ఈమధ్య ఒక పెద్దాయన పలకరించారు. శ్రీకాకుళం వైపు మనిషి. కూతురు బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయి లోపల చదువుకుంటోంది. ఆయన చేతిలో ఏదో యూనివర్సిటీ బ్రోషర్. అట్ట మీద భూతద్దం, పసుపు రంగు టేపు, కింద ఎమ్మెస్సీ క్రిమినాలజీ అని పెద్దక్షరాలు. "ఇది సదివితే పాప ఎస్సై అయిపోద్దా బాబూ?" అని అడిగారు. అవదండీ అన్నాను. కాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మరెందుకండీ ఇన్ని లచ్చలు?" అన్నారు. రెండో ప్రశ్నకి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. గ్లాసు ఖాళీ అయింది, ఆయన బస్సు వేళయింది.

మొదటి ప్రశ్న తేలికే. మన రాష్ట్రంలో ఎస్సై పోస్టుకి ఏదో ఒక డిగ్రీ చాలు. ప్రిలిమ్స్, తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, తర్వాత మెయిన్స్. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. తెల్లవారకముందే బీచ్ రోడ్డుకి వెళ్తే స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు గుంపులుగా కనిపిస్తారు. నేరశాస్త్రంలో పీజీ ఉందని ఆ పరుగులో ఒక్క సెకను కూడా తగ్గించరు. పోనీ ఐపీఎస్ అనుకుంటే, సివిల్స్ ఆప్షనల్ సబ్జెక్టుల్లో లా ఉంది కానీ క్రిమినాలజీ లేదు. ఖాకీ చొక్కా ఒక్కటే లక్ష్యమైతే ఈ పీజీకి పెట్టే రెండేళ్లు ఎస్సై వయోపరిమితిలోంచి పోయినట్టే.

ఇక లక్షల సంగతి. విలేకరిగా కోర్టు బీటు చూసిన రోజుల్లో ఒక దొంగతనం కేసు విచారణకి వెళ్లాను. షాపు సీసీ కెమెరాలో ముద్దాయి స్పష్టంగా పడ్డాడు, ఆ దృశ్యాలు డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టెలో ఉన్నాయి. దర్యాప్తు అధికారి ధీమాగా బోనెక్కారు. డిఫెన్స్ లాయర్ ఫుటేజీ జోలికే వెళ్లలేదు. "డీవీఆర్‌లో గడియారం సరిగ్గా ఉందా? అసలు టైముకీ దానికీ తేడా ఎంత? సీజ్ చేసినప్పుడు మధ్యవర్తుల నివేదికలో రాశారా?" అని అడిగారు. రాయలేదు. స్క్రీన్ మీద రాత్రి 9.40 అని ఉంది. అదే సమయానికి ముద్దాయి వేరే చోట ఉన్నాడని చెప్పడానికి ఇద్దరు సాక్షులు సిద్ధం. అయిదు నిమిషాల్లో కేసు నీరుగారిపోయింది. ఆ అధికారి చేతగానివాడేం కాదు, దొంగని రెండు రోజుల్లో పట్టుకున్న మనిషే. డీవీఆర్ సీజ్ చేసేటప్పుడు ముందు గోడ గడియారం వైపో, ఫోన్ వైపో చూడాలని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ప్రెస్‌మీట్‌లో నిందితులకి ముసుగులేసి నిలబెట్టిన రోజే కేసు ముగిసినట్టు మేం రాసేస్తాం. "నేరం ఒప్పుకున్నాడు" అని హెడ్డింగ్ కూడా పెడతాం. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని మాకూ తెలుసు. అరెస్టుకీ తీర్పుకీ మధ్య ఏళ్లు గడుస్తాయి. మంచి పీజీ కోర్సు పనికొచ్చేది ఆ మధ్యకాలంలోనే.

విశాఖలో ఉన్నవాళ్లకి 2024 మార్చి నాటి పోర్టు కంటైనర్ గుర్తుండే ఉంటుంది. బ్రెజిల్ నుంచి 25 వేల కిలోల డ్రై ఈస్ట్ వచ్చింది. ఇంటర్‌పోల్ సమాచారంతో సీబీఐ తెరిపించింది. అక్కడికక్కడే కిట్‌తో పరీక్షిస్తే మాదకద్రవ్యాల ఆనవాళ్లు కనిపించాయన్నారు. ఎన్నికల ముందు రోజులు కావడంతో పార్టీలు ఒకదాని మీద ఒకటి దుమ్మెత్తిపోసుకున్నాయి. నెలల తర్వాత ల్యాబ్ పరీక్షల్లో డ్రగ్స్ లేవని తేలింది. కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. కిట్‌లో రంగు మారితే అనుమానించాలి, అంతవరకే. వేరే పదార్థాలకీ ఆ రంగు రావచ్చు. ఖాయం చేయాలంటే గ్యాస్ క్రొమాటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ లాంటి పరీక్షలు కావాలి. ఈ తేడా తెలిసిన మనిషి ఆ రోజు ఒక్క టీవీ చర్చలో కూర్చుని ఉన్నా ఊరు అంత అట్టుడికేది కాదు.

గంజాయి కేసుల్లో ఇంకా చిక్కు. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు బెయిల్ దొరకడం కష్టం, శిక్ష కనీసం పదేళ్లు. ఏజెన్సీ నుంచి దిగుతున్న సరుకు పట్టుకున్న రోజు పచ్చిగా 22 కిలోలు తూగి, ఆరాక 20 కిందకి దిగితే? ఆకులు, కాడలు, గింజలు కలిపి తూచారా, పూత ఉన్న కొసలే తూచారా? శాంపిళ్లు మేజిస్ట్రేట్ సమక్షంలో తీశారా? ఇలాంటి ప్రశ్నలకి జవాబు కాగితం మీద లేకపోతే పట్టుకున్న లారీ వల్ల ఒరిగేదేమీ లేదు.

2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక ఈ పని మరింత పెరిగింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఆధారాల్ని సైన్స్‌తో పరీక్షించే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. దీనికి రాష్ట్రాలకి అయిదేళ్ల గడువిచ్చారు. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని 105వ సెక్షన్ అంటోంది. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ ఆధారానికిచ్చే సర్టిఫికెట్ ఇప్పుడు రెండు భాగాలు. ఒకటి పరికరం చూసుకునేవాళ్లు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ అందులో రాయాలి. ఇంతమంది నిపుణులు ఎక్కడినుంచి వస్తారు? ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్‌లో ఉన్న నలుగురైదుగురే ప్రతి మండలానికీ పరిగెత్తాలా?

కాబట్టి కోర్సు ఎంచుకునేవాళ్లు ముందు చూడాల్సింది బ్రోషర్ కాదు, తమ డిగ్రీ. సైన్స్ చదివిన పిల్లలకి నా ఓటు ఫోరెన్సిక్ సైన్స్‌కే. మనకి దగ్గర్లో ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ 2009లో గుజరాత్ రాష్ట్ర యూనివర్సిటీగా మొదలై, 2020లో కేంద్ర చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. ఢిల్లీ రోహిణిలో ఉన్న 1972 నాటి పాత సంస్థ ఇప్పుడు దాని క్యాంపస్సే. అక్కడ క్రిమినాలజీ కూడా ఉంది. మధ్యప్రదేశ్‌లోని సాగర్ యూనివర్సిటీలో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ విభాగం 1959 నాటిది. డిజిటల్ ఫోరెన్సిక్స్‌కి కంప్యూటర్ డిగ్రీ ఉంటే మేలు. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన విశాఖ కుర్రాళ్లని కాంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించిన ముఠా గుర్తుందిగా. అలాంటి కేసులో ఫోన్లు, బ్యాంకు ఖాతాల జాడ పట్టడమే దర్యాప్తు.

ఆర్ట్స్ వాళ్ల విషయంలో నా మాట కొందరికి నచ్చదు. క్రిమినాలజీ ఎంఏ కంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మేలు. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో అంబేద్కర్ లా కాలేజీ ఉండనే ఉంది. ప్రాక్టీసు చేసి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్ష రాయవచ్చు. బోనులో నిలబడ్డ దర్యాప్తు అధికారిని డిఫెన్స్ వాళ్ల క్రాస్ ఎగ్జామినేషన్ నుంచి కాపాడాల్సింది ప్రాసిక్యూటరే. క్రిమినాలజీ నిజంగా కావలసింది జైళ్లు, బాలనేరస్తులు, విచారణ ఖైదీల మీద పని చేయాలనుకునేవాళ్లకి. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో సోషల్ వర్క్‌తో కలిపి నేర్పుతారు. యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ ఒక సబ్జెక్టు, అంటే పాఠాలు చెప్పే దారి కూడా ఉంది. ఇప్పటికే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఏఎస్సై, ఎస్సైలకి ఇగ్నో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా సరిపోతుంది. డ్యూటీ మానక్కర్లేదు. నన్నడిగితే ఈ చదువు వల్ల ఎక్కువ లాభపడేది వాళ్లే.

కన్సల్టెన్సీలు బ్రిటన్‌లో ఎమ్మెస్సీ పోలీసింగ్, క్రిమినల్ ఇన్వెస్టిగేషన్ అని ఊరిస్తున్నాయి. అక్కడ చదువు బాగుంటుంది, కాదనను. కేంబ్రిడ్జిలో క్రిమినాలజీ సంస్థ 1959 నుంచి ఉంది. కానీ అక్కడ సోదా గురించి చెప్పినా, విచారణ గురించి చెప్పినా పోలీసు అధికారాల మీద ఉన్న వాళ్ల 1984 చట్టం ప్రకారమే చెబుతారు. ఇంకో మాట కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లని అక్కడ పోలీసుగా తీసుకోరు, ఆ దేశంలో ఉండటానికి గడువు లేని హక్కు ఉండాలి. పరిశోధనకో, బ్యాంకుల్లో మోసాలు పట్టే ఉద్యోగానికో అయితే వెళ్లవచ్చు. యూనిఫాం కోసం ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు.

నాకున్న కోరిక ఒకటుంది. విశాఖలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఏయూలో కెమిస్ట్రీ ల్యాబులున్నాయి. పోర్టు, ఫార్మా కంపెనీలు, ఏజెన్సీ దారులు ఉండటంతో కేసులకీ కొదవలేదు. వీటన్నిటినీ కలిపి ఒక్క పీజీ నడిపితే, ప్రతి సెమిస్టర్‌లో పిల్లల్ని నెల రోజులు సెషన్స్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోబెడితే చాలు. డీవీఆర్ గడియారం పాఠం అక్కడ ఉచితంగా దొరుకుతుంది.

పోయిన వారం ఆ పెద్దాయన మళ్లీ కనిపించారు. ఈసారి కూతురు కూడా ఉంది. వాళ్లకి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు? పోయిన బ్యాచ్‌లో ఎందరు ఏ ల్యాబ్‌లో చేరారు? పాఠం చెప్పేవాళ్లలో కోర్టులో సాక్ష్యం ఇచ్చినవాళ్లున్నారా? ఆ అమ్మాయి అక్కడే బ్రోషర్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. మొదటి ప్రశ్నకే అవతలివాళ్లు "కనుక్కుని చెబుతాం మేడమ్" అన్నారు.