అర్థమయ్యేలా చెప్పుట వలన కలుగు అనర్థములు

నీటి పరీక్షల పనిలో ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషిగా, మా వృత్తి గౌరవానికి ఈ మధ్య దాపురించిన ఒక ముప్పు గురించి సాటి నిపుణులను హెచ్చరించడం నా ధర్మమని భావిస్తున్నాను. ఊళ్ళకు వెళ్ళినప్పుడు జనానికి అర్థమయ్యేలా చెప్పాలని పైనుంచి ఆదేశాలు వస్తున్నాయి. ఆదేశించినవారు పర్యవసానాలను ఆలోచించినట్టు లేదు. చెప్పింది అర్థమైన మనిషి ఊరుకోడు, ప్రశ్న వేస్తాడు; ప్రశ్న వేస్తే మనకు జవాబు తెలిసి ఉండాలి, తెలియకపోతే ఆ సంగతిని నలుగురిలో ఒప్పుకోవాలి. అర్థం కానివాడు మాత్రం తలూపి, చాయ్ తాగి, ‘సారు మస్తు చదువుకున్నడు’ అనుకుంటూ ఇంటికి పోతాడు. ఈ ఇద్దరిలో ఎవరి వల్ల శాఖకు క్షేమమో వేరే చెప్పనక్కరలేదు.

అనుభవం లేకుండా ఈ మాట అనడం లేదు. మిషన్ భగీరథ నల్లాలు ఇంకా రాని రోజుల్లో మా నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కున ఒక ఊళ్ళో, బడి వరండాలో సభ పెట్టాము. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలను, కీళ్ళను బిగదీసే ఫ్లోరైడు అనే లవణం ఆ ఊరి చేతిపంపు నీళ్ళలో లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటింది. భారతీయ ప్రమాణాల ప్రకారం అది 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీళ్ళకు గతి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చు. ఇంత చిన్న సంగతిని నేరుగా చెప్పేయడం సభామర్యాద కాదు గనుక, నేను పీహెచ్‌తో ఎత్తుకొని, విద్యుత్ వాహకత, కాఠిన్యం, మొత్తం కరిగిన ఘనపదార్థాల మీదుగా, ఫ్లోరైడు చేరేసరికి నలభై నిమిషాలు పట్టే విధంగా ఉపన్యాసాన్ని అమర్చుకున్నాను. ముందు వరుసలో ఒక ముసలమ్మ రెండు కాళ్ళూ బారజాపి కూర్చున్నది. పెద్దవాళ్ళ ఎదుట అలా కూర్చోవడం ఏమి పద్ధతి అని నాకు కొంచెం కష్టమనిపించింది. ఆమె మోకాళ్ళు వంగవని తర్వాత ఎవరో చెప్పారు.

‘సారూ, గవన్నీ నాకెర్కలేదుగని, గీ నీళ్ళు తాగొచ్చునా, తాగొద్దా?’ అని ఆమె నడుమనే అడిగింది. అనుమతించదగిన గరిష్ఠ పరిమితికి మించి ఉన్నందున, ప్రత్యామ్నాయ వనరుల లభ్యతను దృష్టిలో ఉంచుకొని, దీర్ఘకాలిక వినియోగం విషయమై నిర్ణయం తీసుకోవలసి ఉంటుందని విశదంగా జవాబిచ్చాను. ‘అట్లనా, అయితే మంచిగ కాగబెట్టుకొని తాగుతం తియ్’ అని ఆమె తేల్చేసింది.

ఆమె తప్పేమీ లేదు. ఎప్పుడో వాంతులు, విరేచనాలు ప్రబలిన కాలంలో ఇంకో శాఖవారు నీళ్ళు కాగబెట్టుకొని తాగమని ఊరూరా చెప్పి పోయారు. అర్థమయ్యేలా చెప్పిన మాటలో ఉన్న ప్రమాదం ఇదే. అది ఇరవై ఏళ్ళయినా మరుపుకు రాదు, తనకు పని లేని చోట కూడా వచ్చి పీట వేసుకొని కూర్చుంటుంది. నేను బాష్పీభవనం వల్ల ద్రావణ గాఢతలో వచ్చే మార్పు అనే తొమ్మిదో బొమ్మను తెర మీదికి తెస్తుండగా, మధ్యాహ్న భోజనం వండే ఆమె చేతిలో గంటెతోనే వచ్చి, గుంజకు ఆనుకొని నిలబడి అన్నది: ‘పెద్దమ్మా, చారు కాగినకొద్ది ఉప్పు ముదురుతది గదనే, గిదీ గంతే. నీళ్ళు ఆవిరయి పోతయి, ఆ పాడుది గిన్నెలనే ఉంటది. కాగబెడితె పురుగు సస్తది, ఉప్పు సస్తదా?’

వరండా అంతా ఒక్కసారిగా ‘అవును గదా’ అన్నది. నా దగ్గర ఇంకా పదిహేడు బొమ్మలు మిగిలిపోయాయి. శాస్త్రరీత్యా ఆ ఉపమానంలో దోషాలున్నాయి: చారులో వేసేది సోడియం క్లోరైడు, మన చర్చ ఫ్లోరైడును గురించి, పైగా చారులో పోపు ఉంటుంది, చేతిపంపు నీళ్ళలో ఉండదు. ఈ దోషాలను నేను అక్కడికక్కడే ఎత్తి చూపాను గాని, అప్పటికే బడిగంట కొట్టారు.

ఇలా అర్థమయ్యేలా చెప్పడం మా జిల్లావాళ్ళకు మరీ పెద్ద నష్టం. ఫ్లోరైడును తీసే ఒక పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970ల్లో రూపొందిస్తే, దానికి లోకమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. పేరు వింటే రాకెట్టు విద్య అనిపిస్తుంది. లోపల ఉన్నది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. ఇవి తగుపాళ్ళలో వేసి కలియబెడితే దూదిపింజల్లా మడ్డి కట్టి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైనున్న తేటను వడపోసుకోవాలి. బురదనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసిన ప్రతి అవ్వకూ ఈ పనిలో సగం ముందే తెలుసు. ఈ రహస్యం బయటపడకూడదనే మేము దానిని కోయాగ్యులేషన్ అన్నాము. అది ఇంగ్లీషు, తెలుగులో చెప్పండి అన్నప్పుడు స్కందనం, అవక్షేపణం అన్నాము. ‘నీళ్ళు తేరినయి’ అనే రెండు ముక్కలు ఊళ్ళో వాడుకలో ఉండగా, తెలుగును కూడా ఇంగ్లీషు అంత భద్రంగా తయారు చేయడానికి ఎంత కృషి కావాలో బయటివారికి తెలియదు.

నిజానికి మా అవసరం ఉన్నది ఒక్క చోటనే. ఎంత పటిక వేయాలన్నది నీళ్ళలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. పాళ్ళు తప్పితే పటికలోని అల్యూమినియం నీళ్ళలో మిగులుతుంది. అది పరీక్ష చేస్తే తప్ప తెలియదు, ఏ అవ్వా చూపుతో చెప్పలేదు. కాని ఆ ఒక్కటీ చెప్పి ఊరుకుంటే సభ నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. దినభత్యం రోజంతటికీ ఇస్తున్నప్పుడు అది న్యాయం కాదు.

స్పష్టంగా మాట్లాడి చెడినవారు లేకపోలేదు. మా వీధి చివర మోటార్లు చుట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు ఎందుకు తిరుగుతుంది, తిరిగి ఎందుకు కాలుతుంది అని రైతులు అడిగితే, ‘ముగ్గురు మోసే దూలం పటేలా. ఒగడు సప్పుడు చెయ్యక జారుకున్నడు. మిగిలినిద్దరు కింద పడేయకుండ మోసినరు, వాళ్ళ నడుములు ఇరిగినయి’ అని చెప్పాడు. విన్నవాళ్ళు విన్నట్టే పోయి, ఫేజు పోగానే మోటారును ఆపే పరికరాన్ని స్టార్టరు పక్కన బిగించుకున్నారు. ఇప్పుడు ఆయన దుకాణం ముందు కాలిన మోటార్ల వరుస సన్నబడింది. నా బల్ల మీద దస్త్రాలు మాత్రం పిసరంత తగ్గలేదు.

జనానికి సాంకేతిక విషయాలు తలకెక్కవు అన్న మా సిద్ధాంతానికి ఒకే ఒక్క చిక్కు ఉన్నది, అది నాగార్జునసాగర్. ఆగస్టు నెలలో మిర్యాలగూడ హోటల్లో కూర్చుంటే, పదో తరగతి గట్టెక్కనివాళ్ళు కూడా సాగర్ తన నిండుమట్టమైన 590 అడుగులకు ఇంకా ఎంత దూరంలో ఉన్నదో, పైనుంచి ఎన్ని క్యూసెక్కులు, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు, వస్తున్నాయో, పదకొండున్నర వేల క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఎలా అవుతుందో చేతివేళ్ళ మీద లెక్కగడుతుంటారు. కాగితం మీద వేసి చూస్తే 11,574 వస్తుంది. వాళ్ళ లెక్కలో తేడా డెబ్బై నాలుగే. ఎడమ కాలువకు నీళ్ళు వదిలేదాన్ని బట్టి నారు పోయాలా వద్దా అన్నది తేలుతుంది గనుక వాళ్ళకు అది వచ్చిందని కొందరు వాదిస్తారు. ఆ వాదనను నేను పరిశీలించలేదు.

ఆ సభ తర్వాత, సరళమైన భాషలో ఒక ప్రకటన రాసి పంపు దగ్గర అంటించమని నాకు ఉత్తర్వు వచ్చింది. ‘ఈ నీళ్ళు తాగొద్దు, వంటకు వాడొద్దు’ అని రాశాను. ఆ బలహీన క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అదృష్టవశాత్తు అది ముగ్గురు అధికారుల చేతుల మీదుగా వెళ్ళి, ‘ఈ జలవనరును పానీయ అవసరముల నిమిత్తము వినియోగించుట సిఫారసు చేయబడదు’ అని సంస్కరింపబడి తిరిగి వచ్చింది. మైదా గంజితో పంపు గద్దె మీద అంటించాము. మైదా రుచికి మరిగిన మేక ఒకటి సాయంత్రంలోగా చివరనున్న ‘సిఫారసు చేయబడదు’ను తినేసింది, కాబట్టి మరుసటి రోజు నాటికి ఆ జలవనరును పానీయ అవసరముల నిమిత్తము వినియోగించుట మాత్రమే మిగిలింది.

మూడు వారాల తర్వాత తనిఖీకి వెళితే, పంపు పిడికి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టి ఉన్నది. వంటామె కట్టిందట. పిల్లలు అక్కడ కాళ్ళు కడుక్కుంటున్నారు, బర్రెలను కడుగుతున్నారు, ఒక్కరూ దోసిలి పట్టడం లేదు. ఆ గుడ్డ ఏ ప్రమాణాన్ని అనుసరించి కట్టబడినది, దాని కొలతలేమి, అందులో ఫ్లోరైడు పరిమాణము ఎక్కడ సూచించబడినది అని వివరణ కోరుతూ ఆమెకు శాఖాపరంగా లేఖ రాశాను. దానిని చదివి చెప్పమని ఆమె బడిపంతులును అడిగిందనీ, ఆయన రెండుసార్లు చదివి, అర్థం కాలేదన్నాడనీ తెలిసింది.