రొమేనియా తన పిల్లల్ని రోడ్డున పడేసిందా?

"యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్న తొందరలో రొమేనియా అనాథాశ్రమాలు మూసేసింది, విదేశీ దత్తతలు ఆపేసింది, దిక్కులేని పిల్లల్ని రోడ్డున పడేసింది." ఈ మాటను చాలామంది నమ్మి పంచుకుంటున్నారు. అడిగి చూస్తే ఈ వాదన నిలవదు.

ముందు ఆ "దిక్కులేని" అన్న మాట. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. 1966లో రొమేనియా కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కు ప్రభుత్వం 770వ నంబరు డిక్రీతో గర్భస్రావాలను నిషేధించింది. ఇంట్లో చూస్తే కరువు. పెంచలేకపోతే సర్కారుకు అప్పగించండి అన్నారు. 1989 డిసెంబరులో ఆ పాలన కూలేనాటికి ఆశ్రమాల్లో లక్షమందికి పైగా పిల్లలున్నారు. వాళ్లని అనాథలంటే కన్నతల్లుల్ని లెక్కలోంచి కొట్టేసినట్టే.

ఇక తొందర సంగతి. యూనియన్‌తో చర్చలు మొదలైంది 2000లో. కానీ పిల్లల బాధ్యతను కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటివాటికి, అప్పగించింది, జీతం ఇచ్చి పిల్లల్ని ఇళ్లలోనే పెంచే పద్ధతికి చట్టం తెచ్చింది 1997లో. 1999లో యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఈ పిల్లల పరిస్థితిని మానవ హక్కుల సమస్యగా తేల్చి, చేరాలంటే సరిదిద్దాలని షరతు పెట్టిన మాట నిజమే. అయితే ఏం? ఎవరు పట్టుబట్టారన్నదాన్ని బట్టి పని తప్పయిపోదు.

రెండేళ్లలోపు పిల్లల్ని, తీవ్ర వైకల్యం ఉంటే తప్ప, ఆశ్రమాల్లో పెట్టకూడదని 2005 జనవరి 1న చట్టం అమల్లోకొచ్చింది. దాని వెనక అనుభవం ఉంది. రాజధాని బుకారెస్ట్‌లో ఆశ్రమాల గదుల్లోకి వెళ్లినవాళ్లను ముందు కలవరపెట్టింది నిశ్శబ్దం. వరసగా ఉయ్యాల మంచాలు, నిండా పసివాళ్లు, ఏడుపు మాత్రం లేదు. ఏడిస్తే ఎవరూ రారని వాళ్లకి తెలిసిపోయింది. కొందరు కూర్చున్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతుండేవాళ్లు. అమెరికా పరిశోధకులు 136 మంది పసివాళ్లను తీసుకుని, చీటీ వేసినట్టు సగంమందిని పెంపుడు ఇళ్లకు పంపారు. వాళ్ల తెలివితేటలు మెరుగయ్యాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికిన పిల్లలు అందరికన్నా బాగా కోలుకున్నారు. 2007లో అచ్చయిన ఫలితం ఇది. ఆశ్రమమే నయమనేవాళ్లు ఆ గదిని ఒక్కసారి ఊహించుకోవాలి.

దత్తతలు ఊరికే ఆపలేదు. విదేశీ దత్తతలు చేయించే ఏజెన్సీ అక్కడి పిల్లల సంక్షేమానికి ఎంత సాయం చేస్తే అన్ని పాయింట్లు, పాయింట్లను బట్టి పిల్లలు. అలాంటి పద్ధతి నడిచింది. 2001 అక్టోబరులో ఆపింది దాన్నే. అప్పటికే ఫలానా పిల్ల మా పిల్లే అనుకున్న విదేశీ కుటుంబాలు మధ్యలో చిక్కుకుపోయాయి, వాళ్ల బాధ నాకూ బాధే. కానీ ఇది మనకు తెలియని కథా? 1999లో, 2001లో హైదరాబాద్‌లో లంబాడా ఆడశిశువుల దత్తత బాగోతం బయటపడింది. డబ్బు చేతులు మారితే బిడ్డ సరుకవుతుంది, అక్కడైనా ఇక్కడైనా.

చివరికి, రోడ్డున పడ్డ పిల్లలు. ఉన్నారు. బుకారెస్ట్‌లో గారా ద నోర్ద్ రైల్వేస్టేషన్ పక్కన, వేడినీటి గొట్టాలు పోయే సొరంగాల్లో తలదాచుకున్నారు. కానీ అది మొదలైంది 1990ల్లోనే, 2005 నాటి చట్టానికి ఎన్నో ఏళ్ల ముందు. వాళ్లలో ఎంతోమంది పారిపోయి వచ్చింది ఆ ఆశ్రమాల నుంచే.