బాబ్ కట్‌తో జుట్టు మొలవదు

ఈ మధ్య అనంతపురంలో ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందేశం తిరుగుతోంది. పల్చటి జుట్టుకు బాబ్ కట్టే మందట. అందులో ఉన్నది ఇంతే: నెలనెలా కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా మొలుస్తుంది. బాబ్‌లో ఎన్ని లేయర్లు (పైన పొట్టిగా, కింద పొడుగ్గా కోసే వరసలు) వేయిస్తే అంత గుబురుగా కనిపిస్తుంది. ఆ కట్ చేయించుకున్నాక దువ్వెనతో కూడా పని లేదు. వారానికోసారి తలంటుకుని మిగతా రోజులు నూనె రాసుకుంటే రెట్టింపవుతుంది. గుండ్రటి ముఖం ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు. చివర్లో బయోటిన్ అనే విటమిన్ బిళ్లల గురించి ఒక ముక్క, పదిమందికి పంపమని ఒక వేడుకోలు.

సప్తగిరి సర్కిల్ దగ్గర పార్లర్ నడుపుకుంటున్నదాన్ని. నెలనెలా కత్తెర వేయించుకోమని ఊరంతా చాటింపు వేస్తే నాకు లాభమే. అయినా ఫోన్ చూపించి "ఇందులో ఉన్నట్టే చెయ్యక్కా" అనే వాళ్లకు ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేసరికి గొంతు పోతోంది. సన్నటి జుట్టుకు బాబ్ మంచిదే, ఆ మాట కాదనను. ఎందుకు మంచిదో, ఏ రకం మంచిదో మాత్రం ఆ సందేశం రాసినవాళ్లకు తెలిసినట్టు లేదు.

"నెలనెలా కత్తిరిస్తే ఒత్తుగా మొలుస్తుంది"

మొలవదు. వెంట్రుకకు ప్రాణం ఉండేది చర్మం లోపలి కుదురులో. బయటికొచ్చిన పోగంతా కెరాటిన్ అనే ప్రోటీను, దాంట్లో జీవం ఉండదు. కొసన కత్తెర పడిందని కుదురుకు కబురు చేరే దారే లేదు. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త గడ్డం గీసుకునే మగవాళ్ల వెంట్రుకలు కొలిచి చూసింది. గీసినందువల్ల మందమూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు.

"మా పాపకు కొండ మీద గుండు చేయించినాక ఎంత ఒత్తుగా వచ్చిందో చూడండి" అనే అమ్మలు ఉంటారు. పసిపిల్లల వెంట్రుకలు సన్నగా, మెత్తగా ఉండి వయసుతో పాటు ముదురుతాయి. గుండు చేయించినా అంతే, చేయించకపోయినా అంతే. పైగా గీసిన చోట కొస మొద్దుగా తెగి ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, కంటికి దట్టంగా అనిపిస్తుంది. మొక్కు మొక్కే. దాన్ని జుట్టు వైద్యం కింద జమకట్టొద్దు.

జుట్టు నెలకు పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. నెలనెలా ఆ సెంటీమీటరూ తీయించేస్తే ఎక్కడేసిన గొంగళి అక్కడే. బాబ్ ఆకారం చెదరకుండా ఉండాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొసలు సరిచేయించుకోవాలి. పొట్టి బాబ్‌కు అది తప్పదు, కాలర్ ఎముక దాకా ఉండే లాంగ్ బాబ్‌కు ఇంకొన్నాళ్లు ఆగినా నడుస్తుంది.

మరి మొలవనప్పుడు బాబ్‌తో ఒత్తుగా ఎలా కనిపిస్తుంది? పోగు మందం సగానికి తగ్గితే దాని బరువు నాలుగో వంతుకు తగ్గుతుంది. వంగకుండా నిలిచే బిగువు మాత్రం పదహారో వంతుకు పడిపోతుంది. తీగకైనా కడ్డీకైనా వర్తించే లెక్కే ఇది. అందుకే సన్న పోగు తన బరువు తానే మోయలేక నెత్తికి అతుక్కుపోతుంది. నడుము దాకా ఉన్న జుట్టు కుదుళ్లను ఇంకా కిందికి లాగుతుంది. పొడవు తగ్గిస్తే బరువు తగ్గి కుదుళ్ల దగ్గర కాస్త లేస్తుంది, కొసలన్నీ ఒక గీత మీదికి వచ్చి దట్టంగా కనిపిస్తాయి. బాబ్ చేసే మేలంతా ఈ రెండే.

"ఎన్ని లేయర్లు వేస్తే అంత గుబురు"

ఈ సందేశంలో ఎక్కువ మందిని ముంచేది ఈ ముక్కే. కొత్త కొబ్బరి చీపురు కొస చూడండి, పుల్లలన్నీ ఒకచోట ఆగుతాయి కాబట్టి ఎంత దట్టంగా ఉంటుంది! అదే చీపురు అరిగి, సగం పుల్లలు పైన, సగం కింద ఆగితే కొసన నాలుగు పుల్లలే ఆడుతుంటాయి. సన్నటి జుట్టులో అడ్డదిడ్డంగా లేయర్లు కోస్తే జరిగేది అదే. పైన కొద్దిగా లేచినట్టు అనిపించినా కింద గీత చెదిరిపోయి వెనక నుంచి మెడ కనిపిస్తుంది.

కత్తెర పట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పోగు సన్నగా ఉండటం వేరు, పోగులు తక్కువగా ఉండటం వేరు. రాలిన వెంట్రుకను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నలపండి. ఉందో లేదో తెలియకపోతే సన్న పోగు. తడి ఆరాక పాపిడి తీసి అద్దంలో చూడండి, పాపిడి వెడల్పుగా మాడు కనిపిస్తుంటే పోగులే తక్కువ. కొందరికి రెండూ ఉంటాయి. నెత్తి మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. లక్షా ఉండి కూడా పోగు సన్నదైతే పిలక కట్టినప్పుడు చిటికెన వేలంతే అవుతుంది. అలాంటి జుట్టుకు బాబ్‌తో ఎంతో చేయొచ్చు.

పోగులు తక్కువైన వాళ్లకు నేను ఒక్క లేయరు కూడా వేయను. కింద గీత బ్లంట్‌గా, అంటే కొసలన్నీ ఒకే చోట తెగేలా, దవడ దగ్గర గానీ దానికి రెండు వేళ్లు కింద గానీ ఆపుతాను. పోగు సన్నదే గానీ జుట్టు దండిగా ఉన్నవాళ్లకు నడినెత్తిన పైకి కనిపించకుండా ఒకటి రెండు పొడవాటి లేయర్లు పెట్టొచ్చు, కింద గీత జోలికి మాత్రం పోకూడదు. వెనక మెట్లుమెట్లుగా కోసే గ్రాడ్యుయేటెడ్ బాబ్ కూడా వీళ్లకే బాగుంటుంది, అడుగున పొట్టి వెంట్రుకలు పైవాటిని ఎత్తిపట్టుకుంటాయి కాబట్టి. మెడ మీద జుట్టు పల్చగా ఉన్నవాళ్లకు అదే కట్ చేస్తే కింద చర్మం బయటపడుతుంది. వెనక పొట్టిగా, ముందు పొడుగ్గా ఉండే 'ఎ-లైన్' బాబ్‌లో ఆ తేడా కొంచెమే ఉండాలి. ఎక్కువైతే ముందున్న రెండు పాయలు తాళ్లలా వేలాడతాయి.

భుజం మీదికి వచ్చి ఆగే పొడవు మాత్రం వద్దు. భుజానికి తగిలి కొసలు కొన్ని ముందుకు, కొన్ని వెనక్కు విడిపోతాయి, ఎంత సరిగ్గా కోసినా గీత కనిపించదు. ఆపితే భుజానికి పైన, లేదంటే కాలర్ ఎముక దాటాక.

థిన్నింగ్ కత్తెర, రేజరు ఉన్నవి ఒత్తు జుట్టు బరువు తగ్గించడానికి. సన్నటి జుట్టులో వాటిని దించడం పేదవాడి జేబు కత్తిరించినట్టే. మా వృత్తిలో చేతి అలవాటుతో చివర్లో నాలుగుసార్లు థిన్నింగ్ కత్తెర ఆడించేవాళ్లు ఉన్నారు. మొహమాటపడొద్దు, కుర్చీలో కూర్చోగానే చెప్పేయండి: "స్టెప్స్ వద్దు, ఫెదర్ వద్దు, థిన్నింగ్ వద్దు, కింద ఒకే గీత." ఉంగరాల జుట్టయితే ఇంకో మాట కూడా చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు సాగిన జుట్టు ఆరాక పైకి ముడుచుకుంటుంది, అందుకని అనుకున్న దానికంటే ఒక వేలు కిందికే ఆపమనండి. తర్వాత తగ్గించుకోవచ్చు, అతికించుకోలేం.

ముందు ఫ్రింజ్ కూడా వేయమంటారు కొందరు, హిందీ నటి సాధన పేరుతో వచ్చిన సాధనా కట్ మోజు మనకింకా తీరలేదు. నుదుటి మీదికి తెచ్చే ఆ జుట్టంతా పక్కల నుంచి తీసుకోవాల్సిందే, అక్కడ అంత పల్చబడుతుంది. పైగా మన ఊరి మే నెలలో గంటలోపే చెమటకు నుదుటికి అతుక్కుంటుంది. నన్నడిగితే వద్దనే అంటాను.

"బాబ్‌కు దువ్వెన కూడా అక్కర్లేదు"

ఈ మాటకు మూలం ఎక్కడో నాకు తెలుసు. 1960ల్లో లండన్‌లో విడాల్ ససూన్ అనే హెయిర్ డ్రెస్సర్ తలకట్టును లెక్క ప్రకారం, గీతలు గీసినట్టు కోయడం మొదలుపెట్టాడు. 1963లో నటి నాన్సీ క్వాన్‌కు చేసిన బాబ్‌తో ప్రపంచమంతా అటు చూసింది. అప్పటిదాకా రోలర్లు చుట్టి, స్ప్రే కొట్టి వారమంతా కదలకుండా కాపాడుకునే తలకట్లు పోయి, తల కడిగి విదిలిస్తే మళ్లీ చోటికి వచ్చే కట్ వచ్చింది. అలా తనంతట తాను చోటికి రావాలంటే పోగులో కొంత బరువూ బిగువూ ఉండాలి. సన్న పోగులో లోపించేవి సరిగ్గా అవే.

కాబట్టి కొంచెం శ్రమ తప్పదు. తడిసినప్పుడు వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులో మళ్లీ బిగుసుకుంటాయి. అంటే ఆరే సమయంలో జుట్టు ఎలా ఉందన్నదే ముఖ్యం. తడి తలకు టవల్ చుట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతే నెత్తికి అతుక్కున్న ఆకారమే గట్టిపడుతుంది. తల ముందుకు వంచి వేళ్లతో కుదుళ్లు ఎత్తుతూ డ్రయ్యరు గాలి పట్టండి. ముప్పాతిక వంతు ఆరాక గుండ్రటి బ్రష్ చుట్టి పాయపాయగా పైకి లాగి, చివర్లో చల్లగాలి కొట్టి వదలండి. చల్లబడ్డాకే బ్రష్ తీయాలి, వేడి మీద తీస్తే వంపు జారిపోతుంది. డ్రయ్యరు లేకపోతే నడినెత్తిన రెండు వెల్క్రో రోలర్లు చుట్టుకుని కాఫీ తాగి రండి. జుట్టు సాపు చేసే ఐరన్ వాడేవాళ్లు 150 డిగ్రీలు దాటించొద్దు, సన్న పోగు త్వరగా మాడుతుంది.

పాపిడి ఏళ్ల తరబడి ఒకే చోట తీస్తే అక్కడి వెంట్రుకలు అటే పడటం మరుగుతాయి. ఇవాళ ఎడమకు, రెండు రోజులయ్యాక కుడికి మార్చి చూడండి. పైసా ఖర్చు లేకుండా నెత్తి మీద ఎత్తు వస్తుంది.

ఒక విషయంలో మనం అదృష్టవంతులం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమైన జిల్లా మనది, గాలి పొడి. విశాఖలో పొద్దున సెట్ చేసిన జుట్టు సముద్రపు తేమకు మధ్యాహ్నానికే కూలబడుతుంది, ఇక్కడ సాయంత్రం దాకా నిలుస్తుంది. మనకు శత్రువు చెమట, ఆ తర్వాత హెల్మెట్. తల పూర్తిగా ఆరాకే హెల్మెట్ పెట్టండి, ఆఫీసులో తీయగానే పాపిడి అవతలి పక్కకు తిప్పేయండి. జుట్టు అణిగిందని హెల్మెట్ మాత్రం మానొద్దు తల్లీ.

ఇక్కడే మా పార్లర్ల తప్పు కూడా చెప్పాలి. బాబ్ చేశాక "స్మూథనింగ్ కూడా చేయించుకోండి, మెరుస్తుంది" అని మందు పెట్టి జుట్టు సాపు చేసే పనిని అంటగడతాం. మెరుస్తుంది, నిజమే. సన్నటి జుట్టు ఉన్న కాస్త వంపూ పోయి పలకలా పడిపోతుంది. బాబ్ ఎందుకు చేయించుకున్నారో ఆ ప్రయోజనం కాస్తా పోతుంది.

"వారానికోసారి తలంటు, మిగతా రోజులు నూనె"

కొబ్బరి నూనె మీద నాకేమీ పగ లేదు. 2003లో వచ్చిన ఒక పరిశోధన కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చింది. ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే, అది పోగు లోపలికి ఇంకగలదు కాబట్టి. ఉన్న పోగును కాపాడటానికి అది పనికొస్తుంది. లేని పోగును మొలిపించదు. రాసుకునేవాళ్లు తలంటుకు గంట ముందు రాసి కడిగేయండి. నూనె తలతో తిరిగితే సన్న పోగులు ఒకదానికొకటి అంటుకుని పాయలుగా విడిపోతాయి, మధ్యలో మాడు కనబడుతుంది. అప్పుడు బాబ్ చేయించినా ఒకటే, చేయించకున్నా ఒకటే.

సన్నటి జుట్టును రోజు విడిచి రోజు కడగమంటే "అలా కడిగితే రాలిపోదా అక్కా?" అని భయపడతారు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారం ఆగి కడిగితే వారం సరుకంతా ఒక్కసారే చేతికొస్తుంది, దాన్ని చూసి హడలిపోతారు. షాంపూ కుదుళ్లకు, కండిషనర్ కొసలకు మాత్రమే. మూస్ అనే నురగ వాడేవాళ్లు తడి కుదుళ్లకు కొద్దిగా రాసి ఆరబెట్టుకుంటే ఎత్తు నిలుస్తుంది, సీరమ్ మాత్రం కుదుళ్ల దరిదాపులకు రానీయొద్దు. కుంకుడు రసంతో తలంటుకునేవాళ్లు మానాల్సిన పనేమీ లేదు. దాంతో వచ్చే కాస్త గరుకుదనం సన్నటి జుట్టుకు మేలే చేస్తుందని నా అనుభవం.

బోరు నీళ్లు వేరే సంగతి. బకెట్ అంచున తెల్లగా పేరుకునే సున్నమే జుట్టు మీదా పేరుకుని మొరటుగా, కళ తప్పినట్టు చేస్తుంది. సబ్బుతో తల రుద్దుకుంటే తెట్టు కట్టి ఇంకా అంటుకుంటుంది. చివరి చెంబు నీళ్లలో కొంచెం నిమ్మరసం పిండి పోసుకుని, మామూలు నీళ్లతో ఒకసారి కడిగేస్తే తేలికపడుతుంది.

"గుండ్రటి ముఖానికి పనికిరాదు"

దవడ దగ్గర ఆగే, బుగ్గల మీదికి ముడుచుకునే బాబ్ ముఖాన్ని ఇంకా గుండ్రంగా చూపిస్తుంది, అంతవరకు నిజం. గీతను గడ్డం కిందికి దించి, పాపిడి పక్కకు తీస్తే సరిపోతుంది. ఇంతకంటే దీని మీద మాట్లాడేదేమీ లేదు.

"బయోటిన్ బిళ్లలు వేసుకోండి"

బయోటిన్ లోపం ఉన్నవాళ్లకు అది మందు, అలాంటి లోపం అరుదు. మామూలుగా తిని తిరిగేవాళ్లకు దాంతో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పెద్ద మోతాదులో మింగితే రక్తపరీక్షలు తప్పు చూపే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. గుండెపోటు పసిగట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉంది. థైరాయిడ్ పరీక్షకు వెళ్లేవాళ్లు ఈ బిళ్లల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

జుట్టు ఉన్నట్టుండి పల్చబడుతుంటే మా దగ్గరికి కాదు రావాల్సింది. టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం, కాన్పు అయిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లతో రాలడం మొదలై, చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) అయితే పరీక్ష చేయించాలి. పాపిడి ఏటేటా వెడల్పవుతున్నా, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడినా మన సర్వజన ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి.

పెళ్లి దగ్గర పడుతున్న అమ్మాయిలకు ఒక్క మాట. సవరం పెట్టి పూలజడ వేయాలంటే వెనక గట్టిగా పిలక కట్టేంత జుట్టు ఉండాలి. దవడ దాకా కోసిన బాబ్ భుజాల కిందికి రావడానికి ఏడాది దగ్గర దగ్గర పడుతుంది. ముహూర్తం పెట్టుకున్నవాళ్లు కాలర్ ఎముక దాకా ఉంచే లాంగ్ బాబ్‌తో ఆగండి, పొట్టిది పెళ్లయ్యాక చేయించుకోవచ్చు.