స్తూపం దగ్గర ఆగలేని సైకిల్ ఎందుకు, బాబూ?

ఆగస్టు దగ్గరపడితే చాలు, మన ఉత్తరాంధ్ర సైకిల్ గ్రూపుల్లో హడావిడి మొదలవుతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, ఒడిశాలోని కోరాపుట్ మీదుగా జయపురం దిగి, పంద్రాగస్టుకి అమరవీరులకు నివాళి అంటూ ఒక రైడ్. హ్యాండిల్‌కి చిన్న జెండా, వెనకాల స్పీకర్లు పెట్టిన కారు, సాయంత్రానికి సగటు వేగం, ఎక్కిన మీటర్లు, గుండె కొట్టుకున్న లెక్క. ఏ వీరుడికి నివాళి అని అడిగితే మాత్రం "అందరికీనండీ" అంటారు.

అందరికీ ఏంటి? పేర్లున్నాయి, తారీకులున్నాయి. 1942 ఆగస్టు 21న కోరాపుట్ ప్రాంతంలోని మత్తిలిలో, పోలీసు ఠాణా ముందు, క్విట్ ఇండియా ఊరేగింపుగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ ఊరేగింపుని నడిపించింది తెంతులిగుమ్మ అనే ఊరి గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్. మూడు రోజులకే, 24న, పాపడహండి దగ్గర తురి నది ఒడ్డున మళ్లీ కాల్పులు. 19 మంది పోయారు. నాయక్‌ని 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. నివాళే అయితే రైడ్ పెట్టుకోవలసింది 21కీ 24కీ మధ్య. పంద్రాగస్టు వాళ్లు చూడని పండగ.

ఈ చోట్ల ఉన్న స్తూపాలూ యుద్ధ స్మారకాలే అని నేనంటే, "అవి యుద్ధ స్మారకాలెలా అవుతాయి, క్విట్ ఇండియావి కదా" అని ప్రతిసారీ ఒకరు లేస్తారు. అదే ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం గుమ్మంలోకి వచ్చి కూర్చున్న ఏడాది అది. ఆ భయంలో ఉన్న సర్కారు చెయ్యి తుపాకీ మీదికి త్వరగా పోయిందని నా లెక్క. పైగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్తూపం ముందు వంద ఫొటోలు దిగేవాళ్లకి పాపడహండి పరాయిది ఎందుకయిందో నాకు అర్థం కాదు. ఇంకొక్క మాట, కాస్త గుచ్చుకునేదే. నాయక్‌ని ఉరికెక్కించిన కేసులో చనిపోయిన అటవీ గార్డు పేరు రామయ్య. మనవాళ్ల పేరు ఆ కథలో ఆ వైపున కూడా వినబడుతుంది. అల్లూరి పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకోవడం అలవాటైన మనం ఈ రోడ్డు మీద కొంచెం తల దించి తొక్కితే తప్పేం లేదు.

సరే, బండి సంగతి. నా అసలు కోపం అక్కడే. పందేనికి కట్టిన బండి తెచ్చి ఈ కొండల మీద తిప్పుతారు. ఆగితే మళ్లీ ఎక్కుడులో కదలదు కాబట్టి ఆగరు. లెక్క చూడండి. మనిషి, సైకిలు, సామాను, నీళ్లు కలిపి 85 కిలోలు. ముందు పళ్లచక్రానికి 39 పళ్లు, వెనకదానికి 25 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 3.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకి 12 కిలోమీటర్లు. ఏడు శాతం ఎక్కుడులో ఆ వేగం నిలబడాలంటే 210 వాట్లయినా కావాలి. అంత శక్తిని గంటసేపు పెట్టగలిగేవాళ్లు గ్రూపుకి ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్లు నిమిషానికి 40 చుట్లకి పడిపోయి, హ్యాండిల్ పట్టుకుని ఊగుతూ మోకాళ్లు అరగదీసుకుంటారు. అదే ముందు 34, వెనక 34 పెడితే చుట్టుకి 2.15 మీటర్లు. అవే 60 చుట్లకి గంటకి 7.7 కిలోమీటర్లు, 140 వాట్లతో గడిచిపోతుంది. సిగ్గెందుకు? ఘాట్‌లో లారీలే మొదటి గేరు వేస్తాయి.

క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఒక్కటీ మార్చేసి పని అయిపోయిందనుకునేవాళ్లు ఇంకో రకం. గేరు మార్చేటప్పుడు చైన్‌ని పక్క చక్రం మీదికి తోసే వెనక డీరైలర్ పొట్టి కేజ్‌ది (పుల్లీలుండే చట్రం పొట్టిది) అయితే చాలావరకు 34 పళ్లని మోయలేదు. పై పుల్లీ పోయి పెద్ద పళ్లచక్రానికి రాసుకుంటుంది. ముందు 50కీ 34కీ తేడా 16, వెనక 34కీ 11కీ తేడా 23, మొత్తం 39. మీ డీరైలర్ కెపాసిటీ, అంటే అది సర్దుకోగల పళ్ల తేడా, అంతకన్నా తక్కువైతే ముందూ వెనకా చిన్న చక్రాల మీదే పడినప్పుడు చైన్ వేలాడిపోతుంది. చైన్ పొట్టిదైతే ఇంకా ప్రమాదం: పొరపాటున ముందూ వెనకా పెద్ద చక్రాల మీదే పడిన క్షణంలో డీరైలర్ మెలితిరిగి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. ఇంట్లోనే స్టాండ్ మీద పెట్టి ఆ రెండు కలయికలూ చేత్తో తిప్పి చూడండి. హ్యాంగర్ ఏ బండిది ఆ బండికే సరిపోతుంది, కాబట్టి అదనంగా ఒకటి సంచిలో ఉండాలి. దాంతోపాటు తెగిన చైన్‌ని కలిపే క్విక్ లింకులు రెండు, మీ చైన్ స్పీడ్‌కి (వెనక ఎన్ని పళ్లచక్రాలో దానికి) సరిపడేవి.

టైర్లు 32 మిల్లీమీటర్ల వెడల్పువి వేయండి. ఫ్రేములో పట్టకపోతే 28, అంతకు తగ్గొద్దు. ఆ 85 కిలోల బరువుకి 32 టైరులో వెనక 60, ముందు 52 పీఎస్ఐ గాలి చాలు. వానలో ఇంకో 5 తగ్గించండి. వందకి కొట్టిన 25 టైరు తడి మలుపులో ఎలా జారుతుందో అనుభవంతోనే తెలుసుకుంటానంటే మీ ఇష్టం.

హైవే మీద పంచర్లకి ముళ్ల కన్నా పెద్ద కారణం లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగముక్కలు. కంటికి ఆనవు. ట్యూబ్ మార్చి, టైరు లోపల వెతకకుండా గాలి కొడితే రెండు కిలోమీటర్లకి మళ్లీ దిగబడతారు. వేలితో తడమొద్దు, కోసుకుంటుంది. దూదో పాత గుడ్డముక్కో లోపల చుట్టూ తిప్పితే తీగ ఉన్నచోట పట్టుకుంటుంది. దాన్ని బయటికి లాగడానికి చిన్న ప్లక్కరు కావాలి.

"ఊళ్లో సైకిల్ షాపు ఉంటుందిలే" అనుకుని వెళ్లడం ఇంకో తెలివితక్కువ. దారిలో బోరిగుమ్మలోనో బైపరిగూడలోనో మేస్త్రీ దగ్గర ఉండేది మన నాన్నల కాలం నల్ల సైకిలుకి వేసే 28 అంగుళాల టైరు. దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు, మీది 622. ఆ టైరు మీ రిమ్ము మీద నిలవదు. ట్యూబ్ అయినా పనికొస్తుందేమో అంటే, దాని వాల్వు లావు, మీ రిమ్ముకి సన్నటి ప్రెస్టా వాల్వు పట్టే 6.5 మిల్లీమీటర్ల బెజ్జమే ఉంటుంది, దూరదు. ఆయన పంపు మీ ప్రెస్టాకి పట్టదు కూడా. చిన్న ఇత్తడి అడాప్టర్ తీసుకెళ్తే పడుతుంది. పంచర్ వేయడంలో మాత్రం ఆ మేస్త్రీకి సాటి లేదు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, అప్పుడు అతికిస్తాడు. ఆ ఆరేదాకా ఆగే ఓపికే మన దగ్గర ఉండదు. రెండు ట్యూబులు, అడాప్టర్, మీ పంపు, టైరు పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి, ఇవి చాలు.

ఆగస్టంటే నడి వానాకాలం. కోరాపుట్ నుంచి జయపురం దిగే 22 కిలోమీటర్లలో బ్రేకుల బండారం బయటపడుతుంది. రిమ్ బ్రేకు తడిసినప్పుడు మొదట పట్టదు, నీళ్లు తుడుచుకోవడానికే చక్రం కొంత తిరగాలి. అందుకే మలుపుకి ముందే, ఇంకా దూరం ఉండగానే, ఒకసారి తేలిగ్గా తాకించి ప్యాడ్లు ఆరబెట్టాలి. ఎర్రమన్ను ప్యాడ్లలో ఇరుక్కుని రిమ్ముని ఆకురాయిలా గీస్తుంది. కరకరమని చప్పుడు వినిపిస్తే ఆగి గుండుసూదితో పీకేయండి. డిస్కు బ్రేకైతే రెజిన్ ప్యాడ్లు ఆ బురదలో సబ్బులా అరిగిపోతాయి, లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లు వేసుకోండి, రోటర్ (బ్రేకు పట్టే డిస్కు) వాటికి ఒప్పుకుంటుందో లేదో దాని మీద చూసి. ఏ బ్రేకైనా కిందిదాకా నొక్కిపట్టి ఉంచొద్దు. గట్టిగా పట్టి, వదిలి, చల్లారనివ్వాలి. చైన్‌కి ఎండాకాలం నూనె కాకుండా తడికి తట్టుకునే నూనె రాయండి, మడ్‌గార్డులు బిగించండి. మడ్‌గార్డు లేనివాడు వెనకొచ్చేవాడి మొహాన బురద కొడతాడు. అది గ్రూపు రైడింగ్ కాదు, పగ.

ఇక బూట్లు. బూటుని పెడల్‌కి పట్టించే క్లీట్లు, అవీ మూడు బోల్టుల ప్లాస్టిక్‌వి, వేసుకుని స్తూపం మెట్ల మీద బాతులా నడిచేవాళ్లని చూస్తే నవ్వు రాదు. రెండు బోల్టుల చిన్న క్లీట్లు అరికాలి రబ్బరులోకి ఒదిగి ఉంటాయి, మామూలుగా నడవొచ్చు. మీకు మెట్లెక్కడం బాధ కాకపోతేనే లోపలికి వెళ్తారు. ఎలాగూ గట్టు మీద అడుగుపెట్టేముందు బూట్లు విప్పాలి, చెప్పేవాళ్లు ఉన్నా లేకపోయినా. కాబట్టి డయల్ తిప్పితే ఊడేవో, పట్టీ ఉన్నవో మంచివి.

సైకిల్‌ని స్తూపానికి ఆనించి ఫొటో తీయడం దయచేసి మానండి. స్టాండ్ లేని బండి దేనికో ఒకదానికి ఆనాలి, నిజమే. చెట్టు ఉంటుంది, కరెంటు స్తంభం ఉంటుంది. ముందు బ్రేకు లివర్‌ని రబ్బరు బ్యాండుతో నొక్కి కడితే చక్రం దొర్లదు, దేనికి ఆనించినా నిలబడుతుంది. స్పీకర్ల కారుని ఊరి బయటే ఆపించండి. మత్తిలి ఠాణా వైపు ఫోన్ ఎత్తేముందు లోపలున్నవాళ్లని అడగండి. ఊళ్లో ఎవరైనా పలకరిస్తే, మీరు తెలుగులో మొదలుపెట్టినా జయపురం బజారులో నడుస్తుంది, పల్లెల్లో నడవదు. నాలుగు ముక్కలు ఒడియా నేర్చుకుని వెళ్లండి.

సంత రోజైతే రోడ్డంతా నెత్తిన గంపలతో నడిచే ఆడవాళ్లే. వెనక నుంచి బెల్లు మోగించి బెదరగొట్టకుండా, వేగం తగ్గించి, కుడివైపు దూరంగా తప్పుకోండి. అక్కడ దొరికితే మాండియా పేజ్ తాగండి. మన చోడి అంబలే, కాస్త పల్చన. రంగురంగుల జెల్ ప్యాకెట్ల కన్నా మేలు, ఖాళీ ప్యాకెట్ రోడ్డున పారేసే పాపం కూడా ఉండదు.

సుంకి ఎక్కడం కుదరని వాళ్లు విశాఖలో కిరండూల్ రైలెక్కి కోరాపుట్‌లో దిగొచ్చు, సైకిల్‌ని లగేజీ వ్యానుకి బుక్ చేసి. వానలకి ఆ లైన్‌లో బండరాళ్లు పడి రైళ్లు ఆగడం మామూలే, ఒక రోజు చేతిలో ఉంచుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లు మత్తిలి జోలికి పోకుండా ముందు పాపడహండి చేయండి. జయపురంలో తెల్లవారేసరికి బయలుదేరి, బోరిగుమ్మ దాటి, ఇంద్రావతి వంతెన మీదుగా నవరంగపూర్, ఆ పైన పాపడహండి. పెద్ద ఎక్కుళ్లు లేవు. ఆగస్టులో నైరుతి గాలి, కాబట్టి వెళ్లేటప్పుడు అది వీపున తోస్తుంది, ఆ ఊపు మీ బలమనుకుంటారు. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. వెళ్లడానికి పట్టిన సమయానికి మూడో వంతు కలిపి, తురి ఒడ్డున కూర్చునే గంట కూడా లెక్కలో వేసుకుని, వెనక దీపం చార్జింగ్ చూసుకుని బయలుదేరండి.