మా ఇంటి పెద్ద డాక్టరు 'వేడి చేసిండాది' గారికి

డాక్టరు గారూ,

తరతరాలుగా మా ఇంట్లో మీ ప్రాక్టీసు జోరుగా సాగుతా ఉంది. కంటికి కురుపు లేచినా, మూత్రం మంట పుట్టినా, మా వాడికి మార్కులు తగ్గినా మీరే. ఫీజు లేదు, టోకెన్ లేదు. సబ్జా నీళ్లు, మజ్జిగ, రాగి అంబలి. తిరుపతి ఎండల్లో మీ మాటకు ఎదురేముంటుంది!

కానీ స్వామీ, ఇది ధనుర్మాసం. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై పాడే వేళ. ఇంటిల్లిపాదీ ముసుగుతన్ని పడుకుంటే, నేను ఫ్యాను ఐదులో పెట్టుకుని కూర్చున్నా. ఛాతీ నుంచి సెగ లేచి మెడకు, ముఖానికి, చెవులకు ఎక్కింది. రెండు మూడు నిమిషాలే, నైటీ వీపంతా తడిసి ముద్ద. ఆ వెంటనే వణుకు. మా ఆయన దుప్పట్లోంచే మీ చీటీ చదివినాడు: "వేడి చేసిండాది, మజ్జిగ తాగు."

నెల లెక్క అంతకు ముందే తప్పింది. ఒకసారి మూడు వారాలకే, ఇంకోసారి రెండు నెలలకు. 300 రూపాయల దర్శనం టికెట్టుకు తేదీలు లెక్కేసే మా ఆడోళ్ల గణితమంతా తలకిందులు. ముందొస్తే వేడికి వచ్చింది, రాకపోతే వేడికి ఆగింది. రెండింటికీ ఒకే కారణం చెప్పగల వైద్యులు మీరొక్కరే! నిద్ర పట్టకపోవడం, పాలు పొయ్యి మీద పెట్టి మరచిపోవడం కూడా మీ ఖాతాలోకే. కోపానికి మాత్రం మా అత్తను పిలిపించారు. ఆమె 'పొగరు' అని తేల్చేసింది.

మీకు చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చినా. ఆమె ముందు వయసు అడిగింది. 44. ముట్లు ఆగే ముందు దశంట, కొన్నేళ్లు సాగొచ్చంట. ఈస్ట్రోజెన్ అనే ఆడోళ్ల హార్మోను ఎక్కుతా దిగుతా ఉంటే, ఒంటి వేడిని చూసుకునే మెదడు తికమక పడుతుందంట. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతాయంట. వరుసగా 12 నెలలు రాకుంటేనే ఆగినట్టు, అందాకా గర్భం రాదనే ధీమా వద్దంది. గంగమ్మ జాతరలో మాదిరి థైరాయిడ్ కూడా ఇదే వేషం కట్టుకుని వస్తుందని రక్తపరీక్ష రాసింది.

ఒక్కదానికి మాత్రం మీ మీద నవ్వు రాదు. అంతా ఆగిపోయిన ఏండ్లకు మా పెద్దమ్మకు మళ్లీ కనబడితే, మీరు మెంతుల నీళ్లు పట్టించారు. ఆగిన ఏడాది తర్వాత చుక్క కనబడినా వెంటనే చూపించుకోవాల, గర్భసంచి క్యాన్సర్ కావచ్చు. మీ చీటీ పట్టుకుని ఆమె నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయింది.

కాబట్టి ఇకమీదట మీ ప్రాక్టీసు కంటికురుపుల వరకే. ఈ సంగతి మా అత్తకు మీరే చెప్పండి, నా మాట వినదు.

ఇట్లు,
మీ పాత పేషెంటు,
బైరాగిపట్టెడ, తిరుపతి