సవరణ: వెరావల్ వలస గురించి రాసిన పోస్టుకు

శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పనికి వెళ్లడం గురించి మొన్న రాసిన పోస్టులో ‘దూరపు పరిచయాలే కొత్త వ్యాపారాలు పుట్టిస్తాయని గ్రానోవెటర్ 1973లో తేల్చారు’ అన్న వాక్యాన్ని మార్చాను. ఆ అమెరికా సామాజికవేత్త బోస్టన్ దగ్గర మాట్లాడించింది ఉద్యోగం మారినవాళ్లని, కొట్టు పెట్టినవాళ్లని కాదు. ఉద్యోగం సంగతి దగ్గరివాళ్ల కంటే అంతంత పరిచయమున్నవాళ్ల ద్వారానే ఎక్కువగా తెలిసిందని ఆయన చెప్పారు. వ్యాపారాలకు దాన్ని అన్వయించింది తర్వాతి పరిశోధకులు.

ఇంకోటి. ‘మరి గుజరాత్ వెళ్లిన మన మత్స్యకారులు వ్యాపారులుగా తిరిగి రారేం?’ అని కొందరు అడిగారు. శ్రీకాకుళం తీరం నుంచి వెరావల్ పడవలెక్కేవాళ్లు ఎక్కువగా ఊరివాళ్లు, చుట్టాల వెంటే వెళ్తారు. పని దొరుకుతుంది, కూలిలో కోసుకునేలా ముందే ఇచ్చే అడ్వాన్సూ దొరుకుతుంది. 2018లో మనవాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడినప్పుడు ఇంటివాళ్లకు ధైర్యం చెప్పిందీ ఆ బంధుత్వాలే. కానీ అందరిదీ ఒకే రేవు, ఒకే పని కాబట్టి దూరపు పరిచయాలు పెరగవు. చేపలు కొనే ఎగుమతిదారుడితోనో, అప్పిచ్చే బ్యాంకుతోనో పరిచయం ఎక్కణ్ణుంచి వస్తుంది? వారాల తరబడి సముద్రం మీద ఉండే మనిషికి అసలా తీరికేదీ! పైగా అడ్వాన్సు తీరేదాకా చేతిలో పెట్టుబడి మిగలదు. వాళ్లకు చొరవ లేదని నేననలేదు.