ఫోన్ తీగలో నెట్ వస్తుంటే రిసీవర్ తీసి పక్కన పెట్టాలా?

మా అనంతపురం బంధువుల గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ల్యాండ్‌లైన్ తీగ మాట కోసమే చేసినదట. అందులో నెట్ వాడేటప్పుడు ఎవరైనా ఫోన్ ఎత్తితే స్పీడ్ సగమైపోతుందట. అందుకని ఫోన్ మోగకుండా రిసీవర్ ముందే తీసి పక్కన పెట్టాలట. గోడకున్న చిన్న డబ్బా స్పీడ్ తినేస్తుంది కాబట్టి పీకేయాలట. నెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ కాల్ బిల్లు పడుతుందట. వీధంతటికీ తీగ ఒకటే కాబట్టి పక్కింట్లో సినిమా చూస్తే మనకు నెట్ ఆగిపోతుందట.

పాతూరులో మా చిన్నాన్న ఇంట్లో దీన్ని అక్షరాలా పాటించారు. తమ్ముడు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్న రోజుల్లో రిసీవర్ తీసి పక్కన పెట్టేశారు. మా అవ్వకు సెల్‌ఫోన్ వాడడం రాదు. తాడిపత్రిలో ఉన్న చెల్లెలితో మధ్యాహ్నం పూట మాట్లాడుకునేది ఆ ఫోన్‌లోనే. ఎవరో తెలిసీ తెలియక రాసిన నాలుగు ముక్కల వల్ల ఆమెకు ఆ మాటలు కూడా లేకుండా పోయాయి. నాకు బాధనిపించింది, అందుకే రాస్తున్నాను.

తీగ మాట కోసమే అన్నదాని మీదే మిగతావన్నీ నిలబడ్డాయి, కాబట్టి ముందు అది చూద్దాం. ఇంటికి వచ్చేది రెండు సన్నటి రాగి తీగల జత. ఫోన్‌లో మాటకు సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉంటే చాలు. ఆ హద్దు పెట్టింది ఫోన్ వ్యవస్థ, రాగి కాదు. అదే రాగి మీద ఏడీఎస్ఎల్, అంటే ఫోన్ తీగలో నెట్ తెచ్చే పద్ధతి, సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి 1,100 కిలోహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్2ప్లస్ 2,200 దాకా పోతుంది. మాట కింద, నెట్ పైన, మధ్యలో ఖాళీ.

అవ్వకు రేడియోతో పోల్చి చెప్పాను. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. అదే గాలిలో ఇంకా ఎన్నో స్టేషన్లు ఉంటాయి. ముల్లు ఎక్కడ పెడితే అది వినిపిస్తుంది, ఒకటి పాడుతోందని ఇంకొకటి నోరు మూసుకోదు. తీగలోనూ అంతే.

మోడెమ్ ఇంకో పని కూడా చేస్తుంది. ఆ పై భాగాన్ని 4.3 కిలోహెర్ట్జ్ ఎడంతో 256 సన్నటి దారులుగా విడదీస్తుంది. ఏడీఎస్ఎల్2ప్లస్‌లో అయితే 512. ఆన్ చేయగానే డీఎస్ఎల్ లైటు కాసేపు మిణుకుమిణుకుమంటుంది కదా, ఆ కాసేపట్లో ఎక్స్ఛేంజ్‌లో ఇళ్ళ తీగలన్నీ చేరే నెట్ పెట్టె డీస్లామ్‌తో కలిసి ఒక్కో దారినీ పరీక్షించుకుంటుంది. శుభ్రంగా ఉన్న దారి మీద ఎక్కువ బిట్లు వేస్తుంది, రొద ఉన్నచోట తగ్గిస్తుంది, మరీ పాడైనదాన్ని వదిలేస్తుంది. మన కడప రేడియో ఫ్రీక్వెన్సీ కూడా ఈ పరిధిలోనే పడుతుంది. స్తంభాల మీద వేలాడే తీగ దాన్ని ఏరియల్‌లా పట్టుకున్నా, ఆ చుట్టుపక్కల దారులే దెబ్బతింటాయి, మిగతావాటి మీద నెట్ నడుస్తూనే ఉంటుంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఇది ముచ్చటగానే ఉంటుంది.

ఇక ఆ డబ్బా. దాని పేరు స్ప్లిటర్. లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు రంధ్రాలుంటాయి. మాటను ఫోన్ వైపు పోనిచ్చి, పై ఫ్రీక్వెన్సీలను అటు పోకుండా ఆపడమే దాని పని. చిన్నాన్న ఫార్వర్డ్ నమ్మి దాన్ని పీకి, తీగలు నేరుగా కలిపేశారు. ఫోన్ మోగేటప్పుడు లైన్‌లోకి 70 వోల్టులకు పైనే ఏసీ వస్తుంది. రిసీవర్ ఎత్తగానే లైన్ పరిస్థితి మళ్ళీ మారిపోతుంది. మధ్యలో స్ప్లిటర్ లేకపోతే ఆ కుదుపంతా మోడెమ్ మీదే పడుతుంది. నెట్ పోయింది. "చూశావా నాయనా, వాళ్ళు చెప్పింది నిజమే" అన్నారు చిన్నాన్న. తన సలహా వల్ల వచ్చిన జబ్బునే తనకు సాక్ష్యంగా చూపించుకుంటోంది ఆ ఫార్వర్డ్!

గోడ మీది పెట్టె మూత విప్పి చూశాను. రాగి కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. లోపలి గదిలో అవ్వ ఫోన్‌కు పోయే తీగను పాత రోజుల్లోనే ఆ పెట్టెలో కలిపేశారు, అంటే స్ప్లిటర్‌కు ముందే. చిలుము పట్టిన కొస కత్తిరించి, కొత్త రాగి తేలేదాకా గీకి బిగించాను. స్ప్లిటర్ తిరిగి పెట్టి, అవ్వ తీగను ఫోన్ అని రాసి ఉన్న రంధ్రం వైపు మార్చాను. మోడెమ్ పేజీలో నాయిస్ మార్జిన్, అంటే రొదను తట్టుకునే వెసులుబాటు, 6 డెసిబెల్స్ నుంచి 11కు పెరిగింది. నా సెల్ నుంచి రింగ్ ఇచ్చి చూశాం. లైటు కదల్లేదు. ఇంట్లో రెండో ఫోన్ ఉన్నవాళ్ళు ముందు చూడాల్సింది, దాని తీగ స్ప్లిటర్ తర్వాతే కలిసిందా అన్నదే.

కాల్ బిల్లు మాట డయలప్ రోజులది. అప్పుడు మోడెమ్ నిజంగానే నంబరు డయల్ చేసి, మాటకున్న ఇరుకు జాగాలోనే కీచుమంటూ డేటా పంపేది. అందుకే 56 కేబీపీఎస్ దాటలేదు, అందుకే ఫోన్ ఎంగేజ్ వచ్చేది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్‌కు తగ్గని, ఎప్పుడూ ఆన్‌లో ఉండే కనెక్షన్‌నే బ్రాడ్‌బ్యాండ్ అంది. దీనికి నంబరు డయల్ చేయడమే ఉండదు.

వీధికంతా ఒకే తీగ అన్నదీ తప్పే. ఎవరి జత వాళ్ళదే, డీస్లామ్ దాకా. ఒకే కేబుల్‌లో పక్కపక్కన ఉన్న జతల రొద కాస్త ఒకదానిలోకి ఒకటి దిగుతుంది, అంతవరకే. సాయంత్రం నెమ్మదించడానికి ఎక్కువసార్లు కారణం, అక్కడి నుంచి ముందుకు అందరూ పంచుకునే దారి.

ఫోన్ తీగకు నిజంగా ఉన్న లోటు దూరం. పై ఫ్రీక్వెన్సీలు రాగిలో త్వరగా నీరసిస్తాయి. ఏడీఎస్ఎల్2ప్లస్‌కు గరిష్ఠం 24 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా, అది ఎక్స్ఛేంజ్‌కు బాగా దగ్గరున్న ఇళ్ళకే. ఐదు కిలోమీటర్ల దూరంలో రెండు వస్తే గొప్ప. అలాంటి ఇంటికి ఫైబర్ వస్తే సంతోషంగా మారమనే చెబుతాను. అందాకా రిసీవర్‌ను దాని చోటనే ఉండనివ్వండి.